పొటాషియం, రుబీడియం పరమాణువులను నానోకెల్విన్ చలిలో అణువుగా కలపడం: మెట్టు మెట్టుగా

రెండు పరమాణువులు కలిస్తే అణువు. బడిలో చదువుకున్న మాటే. కానీ ఆ కలిసే క్షణంలో బయటికొచ్చే శక్తి తక్కువేమీ కాదు. ఒక పొటాషియం, ఒక రుబీడియం కలిసి గట్టి అణువుగా మారినప్పుడు విడుదలయ్యే శక్తిని ఉష్ణోగ్రత లెక్కలో చెబితే దాదాపు 6,000 కెల్విన్. అంత శక్తి బయటపడుతున్నా, పుట్టిన అణువుకు మాత్రం వేడి అంటకూడదు, ఒక కెల్విన్‌లో పది లక్షల వంతు కన్నా చల్లగా ఉండాలి. అమెరికాలోని కొలరాడో రాష్ట్రం, బౌల్డర్ నగరంలోని జిలా (JILA) అనే భౌతికశాస్త్ర పరిశోధన సంస్థలో డెబోరా జిన్, జున్ యె బృందం 2008లో ఈ పని చేసి చూపించింది. ఉష్ణోగ్రత 350 నానోకెల్విన్, సాంద్రత ఘన సెంటీమీటరుకు లక్ష కోట్ల అణువులు.

ఈ వ్యాసం ఆ ప్రయోగాన్నే మెట్టు మెట్టుగా వివరిస్తుంది. ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నవాళ్లు, పీహెచ్‌డీకి కోల్డ్ ఆటమ్స్ ల్యాబులో చేరబోతున్నవాళ్లు నా పాఠకులు. క్వాంటం మెకానిక్స్ కొద్దిగా తెలిసి ఉంటే చాలు.

ముందుగా ఒక ప్రశ్న తేల్చుకుందాం. అణువులనే నేరుగా లేజర్‌తో ఎందుకు చల్లబరచకూడదు? లేజర్ చల్లదనానికి పరమాణువు వేల సార్లు కాంతిని పీల్చి, ప్రతిసారీ మొదటి స్థాయికే తిరిగి రావాలి. అణువులో కంపనాలు, భ్రమణాలు ఉంటాయి. ఒకసారి కాంతి పీల్చిన అణువు తిరిగి ఏ కంపన స్థాయిలో పడుతుందో మన చేతిలో ఉండదు. యేల్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ డిమిల్ బృందం 2010లో స్ట్రాన్షియం ఫ్లోరైడ్‌తో ఈ దారిలో విజయం సాధించింది గానీ, అందుకు అనువైన అణువులు కొన్నే. మిగతావాటికి పరమాణువులను ముందు చల్లబరచి, తరువాత కలపడమే ప్రధానమైన దారి.

ఇంకొక మాట కూడా మొదట్లోనే చెప్పాలి. ఈ పనిలో దిగిన ప్రతివాళ్లూ ఉష్ణోగ్రత అంకె వెంట పడతారు. నిజంగా చూడాల్సింది ఫేజ్ స్పేస్ సాంద్రత. పరమాణువు తరంగదైర్ఘ్యం పొడవు భుజంగా ఒక ఘనం ఊహించుకోండి. ఆ ఘనంలో సగటున ఎన్ని పరమాణువులు ఉన్నాయన్నదే ఈ సంఖ్య. అది 1 దగ్గరికి రాకపోతే పొటాషియం పక్కన రుబీడియం దొరకదు, అణువు పుట్టదు. ప్రతి మెట్టు చివరా ఈ సంఖ్య ఎంత పెరిగిందో రాసుకోండి. ఉష్ణోగ్రత తగ్గినా ఈ సంఖ్య పెరగకపోతే ఆ మెట్టు దండగే.

1. పరమాణువుల ఎంపిక

రుబీడియం-87, పొటాషియం-40. చల్లబరిచే లేజర్ కాంతి తరంగదైర్ఘ్యం రుబీడియానికి 780 నానోమీటర్లు, పొటాషియానికి 767 నానోమీటర్లు. రెండు తరంగదైర్ఘ్యాలూ దగ్గర దగ్గరగా ఉండటం పెద్ద సౌకర్యం, అవే అద్దాలు, అవే లెన్సులు రెండింటికీ పనికొస్తాయి. రెండింటికీ డయోడ్ లేజర్లు దొరుకుతాయి.

పొటాషియం-40తో ఒక చిక్కుంది. సహజ పొటాషియంలో అది 0.0117 శాతమే, అంటే పదివేల పరమాణువుల్లో ఇంచుమించు ఒకటి. మామూలు పొటాషియం వాడితే మబ్బు, అంటే ఒకచోట పోగైన చల్లని పరమాణువుల గుంపు, కనిపించడమే కష్టం. ఆ ఐసోటోపు పాళ్లు పెంచిన పొటాషియమే కొనాలి, ఖరీదెక్కువ. అయినా దీన్నే ఎందుకు పట్టుకోవాలంటే ఇది ఫెర్మియాన్. బోసాన్ అయిన రుబీడియం-87తో కలిస్తే వచ్చే అణువు కూడా ఫెర్మియానే. ఒకే స్థితిలో ఉన్న ఫెర్మియాన్లు ఒకదాని దగ్గరికి ఒకటి రావు. చివరి మెట్టులో అణువుల ఆయుష్షును ఇదే కాపాడుతుంది.

2. వాక్యూమ్

ఇది విసుగు పుట్టించే పని, కానీ ఇక్కడ తొందరపడితే ఆరు నెలల తరువాత బాధపడతారు. రెండు గదులు కావాలి. మొదటి గదిలో 10⁻⁹ టార్ (మామూలు గాలి పీడనం 760 టార్) స్థాయిలో పీడనం, అక్కడ పరమాణువులను పోగుచేస్తాం. రెండో గదిలో 10⁻¹¹ టార్, అసలు ప్రయోగం అక్కడే. మధ్యలో సన్నని గొట్టం. రెండో గదిలో మిగిలిపోయిన ఒక్క హైడ్రోజన్ అణువు వచ్చి తగిలినా, ట్రాప్‌లో, అంటే కాంతితోనో అయస్కాంత క్షేత్రంతోనో పట్టి ఉంచిన చోట, ఉన్న పరమాణువు బయటికి ఎగిరిపోతుంది. ఆరో మెట్టులో వచ్చే ఆవిరి చల్లదనానికి పదుల సెకన్లు పడుతుంది కాబట్టి, ట్రాప్‌లో పరమాణువుల ఆయుష్షు వంద సెకన్లకు పైగా ఉండాలి.

చాంబర్ బిగించాక హీలియంతో లీక్ టెస్ట్ చెయ్యండి. తరువాత హీటింగ్ టేపులు చుట్టి, మీద అల్యూమినియం ఫాయిల్ కప్పి, రోజుల తరబడి వేడి మీద ఉంచి గోడల్లోని నీటిని బయటికి లాగండి. గాజు కిటికీల దగ్గర ఉష్ణోగ్రత చాలా నెమ్మదిగా పెంచాలి, నెమ్మదిగానే దించాలి. సీలు దగ్గర పగులు వస్తే మళ్లీ మొదటికొస్తారు.

3. లేజర్లు

రుబీడియం కాంతిని పీల్చే పట్టీ వెడల్పు 6 మెగాహెర్ట్జ్. లేజర్ ఫ్రీక్వెన్సీ అంతకన్నా బాగా నిలకడగా ఉండాలి. అందుకు చిన్న గాజు సీసాలో ఉన్న రుబీడియం ఆవిరి గుండా కాంతిని పంపి, సాచురేటెడ్ అబ్సార్ప్షన్ పద్ధతిలో దొరికే సన్నని గీతకు లేజర్‌ను లాక్ చేస్తాం. ఒక్కో మూలకానికి రెండేసి కిరణాలు: ఒకటి చల్లబరిచేది, రెండోది రీపంప్. రీపంప్ ఎందుకంటే, పరమాణువు అప్పుడప్పుడు పక్క హైపర్‌ఫైన్ స్థాయిలోకి (కేంద్రకం స్పిన్ వల్ల విడిపోయిన దగ్గరి శక్తి స్థాయిల్లో రెండోదానిలోకి) జారి లేజర్‌కు కనబడకుండా పోతుంది. దాన్ని వెనక్కి తేవాలి. రుబీడియంలో ఆ రెండు స్థాయిల మధ్య తేడా 6.8 గిగాహెర్ట్జ్, పొటాషియం-40లో సుమారు 1.3 గిగాహెర్ట్జ్.

780 కాంతి కంటికి దాదాపు కనిపించదు. కనిపించట్లేదు కదా అని లేజర్ నుంచి కాపాడే కళ్లద్దాలు తీసెయ్యకండి. చేతికి ఉంగరం, గడియారం ఉంటే ఆప్టికల్ టేబుల్ దగ్గరికి వచ్చేముందు తీసి పక్కన పెట్టండి.

4. మాగ్నెటో ఆప్టికల్ ట్రాప్

గది ఉష్ణోగ్రతలో రుబీడియం పరమాణువు సగటు వేగం సెకనుకు దాదాపు 270 మీటర్లు. ఒక్క ఫోటాన్ ఎదురొచ్చి తగిలితే తగ్గేది సెకనుకు 5.9 మిల్లీమీటర్లే. పూర్తిగా ఆపాలంటే దాదాపు 46 వేల ఫోటాన్లు తగలాలి. అయితే పరమాణువు ఉత్తేజిత స్థాయిలో ఉండేది 26 నానోసెకన్లే కాబట్టి, ఈ దెబ్బలన్నీ చకచకా పడతాయి. లెక్క వేస్తే బ్రేకు బలం గురుత్వ త్వరణానికి పదివేల రెట్ల పైనే.

ఎదురొచ్చే పరమాణువుకే దెబ్బ తగలాలి, పారిపోయేదానికి తగలకూడదు. అందుకు లేజర్ ఫ్రీక్వెన్సీని పరమాణువు ఫ్రీక్వెన్సీ కన్నా రెండు మూడు పట్టీ వెడల్పుల మేర కిందికి పెట్టాలి. ఎదురొస్తున్న పరమాణువుకు డాప్లర్ ప్రభావం వల్ల ఆ కాంతి సరైన ఫ్రీక్వెన్సీలో కనిపిస్తుంది. హాన్ష్, షాలో 1975లో ప్రతిపాదించిన ఆలోచన ఇది. ఆరు దిక్కుల నుంచి కిరణాలు పంపి, ఎదురెదురు దిశల్లో కరెంటు పారే రెండు కాయిల్స్‌తో సెంటీమీటరుకు సుమారు 10 గాస్ వాలు ఉన్న అయస్కాంత క్షేత్రం పెడితే, పరమాణువులు నెమ్మదించడమే కాకుండా మధ్యలో పోగవుతాయి.

మబ్బు కనిపించకపోతే ఏం చెయ్యాలి? ఈ క్రమంలో చూడండి. ముందు రీపంప్ నిజంగా వెలుగుతోందా, సరైన గీతకే లాక్ అయిందా చూడండి. తరువాత కాయిల్ కరెంటు దిశ తిప్పి చూడండి. కిరణాల పోలరైజేషన్ అన్నింటికీ తారుమారైతే కరెంటు తిప్పగానే మబ్బు ప్రత్యక్షమవుతుంది. అప్పటికీ రాకపోతే ఆరు కిరణాల్లో ఏదో ఒకదాని క్వార్టర్ వేవ్ ప్లేట్ (పోలరైజేషన్‌ను మార్చే పలక) తప్పుగా ఉంది, ఒక్కోటి విడిగా కొలవాల్సిందే. కెమెరా తెర మీద తెల్లని చుక్క కనిపించాక రీపంప్ కిరణానికి కార్డు అడ్డం పెట్టండి. చుక్క వెంటనే మాయమై, కార్డు తీయగానే మళ్లీ నిండితే అది నిజమైన మబ్బే. మాయం కాకపోతే మీరు చూస్తున్నది కిటికీ మీద చెదిరిన కాంతి.

ఈ దశలో ఉష్ణోగ్రత కొన్ని వందల మైక్రోకెల్విన్లు, ఫేజ్ స్పేస్ సాంద్రత పది లక్షల్లో ఒక వంతు స్థాయి. ఇంకా చాలా దూరం ఉంది.

5. మొలాసెస్

అయస్కాంత క్షేత్రం లేకుండా లేజర్లతోనే చల్లబరిచే మెట్టు ఇది. కాయిల్స్ ఆపి, కొన్ని మిల్లీసెకన్ల పాటు లేజర్లను మరింత దూరం జరిపి, తీవ్రత తగ్గిస్తే రుబీడియం పదుల మైక్రోకెల్విన్లకు దిగుతుంది. డాప్లర్ పద్ధతితో ఇంతకన్నా చల్లబరచలేమని సిద్ధాంతం చెప్పిన 146 మైక్రోకెల్విన్ల హద్దు కన్నా ఇది కింద. విలియం ఫిలిప్స్ బృందం 1988లో సోడియంతో ఇలాంటి ఫలితం చూపినప్పుడు అందరూ ఆశ్చర్యపోయారు. ఇక్కడ చెయ్యాల్సింది ఒక్కటే: భూమి అయస్కాంత క్షేత్రాన్ని, సుమారు అర గాస్, మూడు జతల చిన్న కాయిల్స్‌తో రద్దు చెయ్యడం. మబ్బు ఏదో ఒక వైపుకు కొట్టుకుపోకుండా, ఉన్నచోటే అన్ని వైపులా సమంగా వ్యాకోచిస్తే రద్దయినట్టే.

6. ఆవిరి చల్లదనం

లేజర్ పని ఇక్కడితో అయిపోయింది. ఇక లేజర్లు ఆపి, పరమాణువులను అయస్కాంత ట్రాప్‌లోకి మార్చి, రెండో గదికి తీసుకెళ్లాలి. అక్కడ జరిగేది వేసవిలో మట్టికుండలో జరిగేదే. ఎక్కువ శక్తి ఉన్నవి బయటికిపోతాయి, మిగిలినవి ఒకదానికొకటి తగులుకుంటూ కొత్త, తక్కువ ఉష్ణోగ్రతకు సర్దుకుంటాయి.

వేడి పరమాణువులను ఏరి బయటికి పంపడం ఎలా? ఎక్కువ శక్తి ఉన్న రుబీడియం ట్రాప్ అంచుల దాకా వెళ్తుంది. అక్కడ అయస్కాంత క్షేత్రం ఎక్కువ, కాబట్టి దాని హైపర్‌ఫైన్ తేడా కూడా కొంచెం మారుతుంది. ఆ అంచుకు సరిపడే మైక్రోవేవ్, 6.8 గిగాహెర్ట్జ్ పరిసరాల్లో, ఇస్తే అంచుకు చేరిన పరమాణువు స్థితి మారి ట్రాప్ నుంచి బయటికి తోసేయబడుతుంది. ఫ్రీక్వెన్సీని నెమ్మదిగా జరుపుకుంటూ వస్తే అంచు లోపలికి వస్తుంది.

ఇందులో నాకు చాలా నచ్చే విషయం ఒకటుంది. పొటాషియం హైపర్‌ఫైన్ తేడా వేరు కాబట్టి ఈ మైక్రోవేవ్ దాన్ని తాకదు. పోయేవన్నీ రుబీడియాలే. ఒకే స్థితిలో ఉన్న పొటాషియం ఫెర్మియాన్లు ఇంత చలిలో ఒకదానితో ఒకటి ఢీకొనలేవు, అందువల్ల వాటంతట అవి చల్లబడలేవు. పక్కనున్న రుబీడియాన్ని తాకి చల్లబడతాయి. ఖర్చయ్యేది చౌకగా దొరికే రుబీడియం, మిగిలేది కష్టపడి సంపాదించిన పొటాషియం.

ఎంత వేగంగా జరపాలన్నది అనుభవం మీద వస్తుంది గానీ, దానికో లెక్క ఉంది. ఇలాంటి ట్రాప్‌లో, ట్రాప్ బిగువు మారనంతవరకు, ఫేజ్ స్పేస్ సాంద్రత పరమాణువుల సంఖ్యను ఉష్ణోగ్రత ఘనంతో భాగించిన విలువకు అనుపాతంలో ఉంటుంది. పరమాణువులు పదో వంతుకు తగ్గి, ఉష్ణోగ్రత కూడా పదో వంతుకు తగ్గితే సాంద్రత వంద రెట్లు పెరుగుతుంది. ప్రతి దశకూ ఈ విలువ లెక్కగట్టండి. సంఖ్య పడిపోతూ సాంద్రత పెరగడం లేదంటే, మరీ వేగంగా జరుపుతున్నారు, లేదా వాక్యూమ్ సరిగా లేదు.

ఇంకా ముందుకెళ్తే రుబీడియం బోస్–ఐన్‌స్టీన్ కండెన్సేట్ అవుతుంది, అంటే పరమాణువుల్లో చాలావరకు ఒకే క్వాంటం స్థితిలోకి చేరతాయి. సత్యేంద్రనాథ్ బోస్ 1924లో ఢాకా నుంచి ఐన్‌స్టీన్‌కు పంపిన వ్యాసంలో మొదలైన ఆలోచన, 1995 జూన్‌లో ఇదే బౌల్డర్‌లో ఎరిక్ కార్నెల్, కార్ల్ వీమన్ చేతుల్లో, ఇదే రుబీడియం-87తో నిజమైంది. మనం మాత్రం ఆ అంచు దాకా వచ్చి ఆగడం మంచిది. కండెన్సేట్ అయిన రుబీడియం మధ్యలో చిన్న ముద్దగా కుదించుకుపోతుంది, పొటాషియం చుట్టూ విస్తరించి ఉంటుంది. రెండింటి మబ్బులూ ఒకదానిలో ఒకటి బాగా కలిసి ఉంటేనే జంటలు ఎక్కువగా దొరుకుతాయి.

7. కాంతి ట్రాప్‌లోకి

తరువాతి మెట్టులో అయస్కాంత క్షేత్రం మన ఇష్టప్రకారం మారాలి. అందుకే ఇక పట్టి ఉంచే పని అయస్కాంతానికి ఇవ్వకూడదు. 1064 నానోమీటర్ల వంటి, పరమాణువులు పీల్చని తరంగదైర్ఘ్యం ఉన్న బలమైన లేజర్‌ను సన్నగా కేంద్రీకరిస్తే, ఆ కేంద్రంలో పరమాణువులు నిలిచి ఉంటాయి. స్పిన్ స్థితి ఏదైనా సరే. ఇక్కడే రేడియో, మైక్రోవేవ్ పల్సులతో రెండింటినీ అతి తక్కువ శక్తి గల స్పిన్ స్థితుల్లోకి మార్చండి.

8. ఫెష్‌బాక్ రెజొనెన్స్: మొదటి బంధం

ఢీకొంటున్న రెండు పరమాణువుల శక్తి, ఒక బలహీనమైన అణు స్థాయి శక్తి, రెండూ అయస్కాంత క్షేత్రంతో వేర్వేరుగా మారతాయి. అవి సమానమయ్యే చోటే ఫెష్‌బాక్ రెజొనెన్స్. మన జంటకు అది 546.7 గాస్ దగ్గర ఉంది. క్షేత్రాన్ని ఆ విలువకు పై నుంచి కిందికి కొన్ని మిల్లీసెకన్లలో దించితే, విడివిడిగా ఉన్న జంటలు కొన్ని అణువుగా మారతాయి. ఇక్కడ వేడి పుట్టదు, ఎందుకంటే శక్తి తేడానే దాదాపు లేదు.

545.9 గాస్ దగ్గర ఈ అణువు బంధన శక్తి, ఫ్రీక్వెన్సీ లెక్కలో చెబితే, సుమారు 230 కిలోహెర్ట్జ్. అంత బలహీనమైన బంధాన్ని క్షేత్రంలోని చిన్న ఊగిసలాట కూడా చెడగొడుతుంది. 546 గాస్‌లో పది మిల్లీగాస్ కూడా ఎక్కువే. కాయిల్ కరెంటును విడిగా సెన్సర్‌తో కొలిచి, ఫీడ్‌బ్యాక్‌తో నిలబెట్టాలి. కరెంటు లైను నుంచి వచ్చే ఊగిసలాట, మన దేశంలో 50 హెర్ట్జ్, అమెరికాలో 60, పూర్తిగా పోదు. అందుకని ప్రతిసారీ లైను తరంగంలో ఒకే బిందువు దగ్గర ప్రయోగం మొదలయ్యేలా ట్రిగ్గర్ పెట్టండి. చవకైన ఉపాయం, ఫలితం మాత్రం పెద్దది.

ఎంత బాగా చేసినా ఎక్కువ పరమాణువులు జంట కట్టకుండానే మిగిలిపోతాయి. వాటిని ఇప్పుడే తుడిచేయాలనిపిస్తుంది, ఆగండి. పొటాషియాన్ని ఎగరగొట్టే కాంతి ఈ వదులైన అణువులోని పొటాషియాన్ని కూడా ఎగరగొడుతుంది.

9. స్టిరాప్: 125 టెరాహెర్ట్జ్ దిగడం

ఇప్పుడు మన చేతిలో ఉన్నది పేరుకే అణువు. రెండు పరమాణువుల మధ్య దూరం పదిహేను నానోమీటర్ల స్థాయిలో ఉంటుంది. గట్టి అణువులో అది 0.4 నానోమీటర్లే. బంధన శక్తి 230 కిలోహెర్ట్జ్ నుంచి 125 టెరాహెర్ట్జ్‌కు, అంటే యాభై కోట్ల రెట్లకు పైగా పెరగాలి. ఆ శక్తి అంతా కాంతిగా బయటికి పోవాలి, వేడిగా మారకూడదు.

అందుకు రెండు లేజర్లు. 970 నానోమీటర్ల లేజర్ అణువును ఒక ఉత్తేజిత స్థాయికి ఎత్తుతుంది. 690 నానోమీటర్ల లేజర్ అక్కడి నుంచి గ్రౌండ్ స్టేట్‌కు, అంటే అతి తక్కువ శక్తి గల స్థాయికి, దించుతుంది. దించేటప్పుడు వెలువడే ఫోటాన్ పీల్చుకున్నదాని కన్నా శక్తిమంతమైనది, ఆ తేడానే 125 టెరాహెర్ట్జ్. అయితే అణువు ఆ ఉత్తేజిత స్థాయిలో ఒక్క క్షణం కూడా ఆగకూడదు. ఆగితే కాంతిని తనంతట తాను వెదజల్లి, ఏ కంపన స్థాయిలోనో పడిపోతుంది.

ఇక్కడే స్టిరాప్ (STIRAP) గొప్పతనం, రెండు లేజర్ల పల్సులతో ఒక స్థాయి నుంచి మరొక స్థాయికి మార్చే పద్ధతి పేరు అది. ముందు ఎత్తే లేజర్, తరువాత దించే లేజర్ వెయ్యాలని ఎవరికైనా అనిపిస్తుంది. చెయ్యాల్సింది దానికి తిరగబడి: 690 ముందు వెలిగించాలి, అది తగ్గుతుండగా 970 పెంచాలి. రెండు లేజర్లూ కలిసి ఉన్నప్పుడు, ఉత్తేజిత స్థాయి పాలు ఏమాత్రం లేని ఒక మిశ్రమ స్థితి ఏర్పడుతుంది, దాన్ని డార్క్ స్టేట్ అంటారు. 690 మాత్రమే వెలుగుతున్నప్పుడు ఆ డార్క్ స్టేట్ అంటే ఫెష్‌బాక్ అణువే. 970 మాత్రమే మిగిలినప్పుడు అది గ్రౌండ్ స్టేట్ అణువు. కాంతి తీవ్రతలను సాఫీగా మారిస్తే అణువు ఒకదాని నుంచి మరొకదానికి మధ్య మెట్టును తాకకుండా మారిపోతుంది. అంతా కొన్ని మైక్రోసెకన్లలో.

లేజర్లను ఎక్కడ పెట్టాలో కనుక్కోవడానికే ఎక్కువ కాలం పడుతుంది. పద్ధతి ఇది. 970 ఒక్కటే వెలిగించి ఫ్రీక్వెన్సీ జరుపుతూ పోండి, ఫెష్‌బాక్ అణువులు హఠాత్తుగా తగ్గిన చోట ఉత్తేజిత స్థాయి ఉంది. అన్ని ఉత్తేజిత స్థాయిలూ పనికిరావు. ఫెష్‌బాక్ అణువు ప్రధానంగా ట్రిప్లెట్ (ఎలక్ట్రాన్ల స్పిన్‌లు కలిసి ఉన్నది), గ్రౌండ్ స్టేట్ సింగ్లెట్ (స్పిన్‌లు ఒకదాన్నొకటి రద్దు చేసుకున్నది), కాబట్టి రెండు లక్షణాలూ కలిసిన స్థాయి కావాలి. అది దొరికాక 970ని అక్కడే ఉంచి, 690ని బలంగా వెలిగించి జరపండి. ఒకచోట అణువులు తగ్గడం ఆగిపోతుంది. 970 వెలుగుతున్నా వాటికేమీ కాదు. డార్క్ స్టేట్ దొరికిన గుర్తు అదే. రెండు లేజర్ల తేడా ఆ 125 టెరాహెర్ట్జ్ మీద కదలకుండా నిలబడాలి. జిలాలో ఫ్రీక్వెన్సీ కోంబ్ అనే, కాంతి ఫ్రీక్వెన్సీలను కొలిచే స్కేలు లాంటి సాధనంతో దీన్ని సాధించారు. దాని అభివృద్ధికి అదే సంస్థకు చెందిన జాన్ హాల్, జర్మనీకి చెందిన హాన్ష్ 2005లో నోబెల్ పంచుకున్నారు. రెండు కిరణాలనూ ఒకే దిశలో పంపండి. అప్పుడు ఒక ఫోటాన్ ఇచ్చిన తోపును రెండోది చాలావరకు వెనక్కి తీసుకుంటుంది.

ఇప్పుడు మిగిలిన పరమాణువులను కాంతితో ఎగరగొట్టండి. గట్టి అణువు ఆ కాంతిని పట్టించుకోదు. పొటాషియాన్ని మాత్రం ఒక్కటి కూడా వదలకండి, అది అణువును తాకితే రసాయన చర్య జరిగి ఇద్దరూ పోతారు.

10. ఉన్నాయని తెలిసేదెలా

గ్రౌండ్ స్టేట్ అణువును నేరుగా ఫోటో తీయడం కష్టం, ఒకే స్థాయికి తిరిగొచ్చే కాంతి చక్రం దానికి లేదు. అందుకే స్టిరాప్‌ను వెనక్కి నడిపి, మళ్లీ ఫెష్‌బాక్ అణువుగా చేసి, అప్పుడు ఫోటో తీస్తాం. మూడు ఫోటోలు పక్కపక్కన పెట్టండి: స్టిరాప్‌కు ముందు, ముందుకు మాత్రమే నడిపాక, వెనక్కి కూడా నడిపాక. మొదటిదాంట్లో మబ్బు, రెండోదాంట్లో ఖాళీ, మూడోదాంట్లో మళ్లీ మబ్బు. మూడోది లేకపోతే రెండోది రుజువు కాదు, అణువులు పాడైపోయినా ఖాళీగానే కనిపిస్తుంది. వెళ్లి తిరిగొచ్చినవి 64 శాతం అయితే, ఒకవైపు సామర్థ్యం దాని వర్గమూలం, 80 శాతం.

ఉష్ణోగ్రత కోసం ట్రాప్ ఆపి, మబ్బును కొన్ని మిల్లీసెకన్లు పడనిచ్చి, ఎంత వేగంగా వ్యాకోచిస్తోందో కొలవండి.

11. వాటిని నిలబెట్టుకోవడం

రెండు పొటాషియం–రుబీడియం అణువులు కలిస్తే ఒక పొటాషియం జంట, ఒక రుబీడియం జంటగా విడిపోతాయి. ఆ చర్యకు పైనుంచి శక్తి అక్కర్లేదు, కాబట్టి ఎంత చలి ఉన్నా ఆగదు. ఒకే న్యూక్లియర్ స్పిన్ స్థితిలో ఉంచితే ఫెర్మియాన్ స్వభావం వల్ల సెకను దాకా బతుకుతాయి, స్థితులు కలగలిస్తే నష్టం పదుల రెట్లు పెరుగుతుంది. నానోకెల్విన్ చలిలో రసాయన చర్య వేగాన్ని ఒక న్యూక్లియర్ స్పిన్ శాసించడం 2010లో జిలా బృందం చూపించింది. నా దృష్టిలో ఈ ప్రయోగమంతటిలోకీ అందమైన ఫలితం అదే. 2019 నాటికి అదే అణువులను క్వాంటం డీజెనరసీ దాకా, అంటే ఫేజ్ స్పేస్ సాంద్రత 1 స్థాయికి చేరి క్వాంటం స్వభావమే రాజ్యమేలే దశ దాకా, తెచ్చారు.

కొత్తగా ల్యాబ్ మొదలుపెడుతున్నవాళ్లకు నా సలహా మాత్రం వేరు. సోడియం–పొటాషియం, సోడియం–సీజియం అణువులు ఇలా రసాయన చర్య జరుపుకోవు. అయినా ఢీకొన్నప్పుడు ఒకదానికొకటి అంటుకుని పోతాయి గానీ, దానికి మందు దొరికింది. సరైన మైక్రోవేవ్ క్షేత్రంలో ఉంచితే అణువులు ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటాయి. మ్యూనిక్‌లో సోడియం–పొటాషియంతో 2022లో ఇలా 21 నానోకెల్విన్లకు దిగారు. కొలంబియా విశ్వవిద్యాలయంలో సెబాస్టియన్ విల్ బృందం 2024లో సోడియం–సీజియం అణువులతో ఏకంగా బోస్–ఐన్‌స్టీన్ కండెన్సేట్ చేసింది, సుమారు 6 నానోకెల్విన్లలో, రెండు సెకన్లకు దగ్గరగా నిలిచేలా. ఇక్కడ చెప్పిన మెట్లలో చాలావరకు ఆ జంటలకూ అవే, మారేవి తరంగదైర్ఘ్యాలు, రెజొనెన్స్ గాస్ విలువ. చివర ఒక మైక్రోవేవ్ యాంటెన్నా అదనం. దాన్ని చాంబర్ గీసే రోజునే ప్లానులో పెట్టుకోండి, తరువాత అమర్చుదామంటే చోటు మిగలదు.